కలగలుపు గంప

లోకేశ్వరి నాయన వెంకటముని పుత్తూరు మామిడి మండీలో కాయలు ఏరేవాడు. వేసవి మూడు నెలలూ పొద్దున్నే వడమాలపేటలో బస్సెక్కి పోయి, చొక్కా నిండా జీడి మరకలతో సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. బడికి సెలవులిచ్చిన మర్నాటి నుంచి కూతురు కూడా ఆ బస్సెక్కేది. తల్లి జ్ఞానాంబ ఎంత మొత్తుకున్నా వినేది కాదు. మండీలో కుప్పపోసిన కాయల ముందు నాయన పక్కన గొంతుక్కూర్చుని, ఆయన చెయ్యి ఎటు పోతే అటు కళ్ళు తిప్పుతూ ఉండేది.

“ముందర జాతి సూడు పాపా,” అనేవాడు వెంకటముని. “తోతాపురి ఒక పక్క, నీలం ఒక పక్క, బేనీషా ఒక పక్క. జాతి తేలినాకే సైజు. సైజు తేలినాకే పండా, దోరా, కాయా అని సూసేది. వరస తప్పినావంటే దినమంతా ఏరినా గంప నిండదు.”

ఏ వరసలోనూ ఇమడని కాయలు కొన్ని వచ్చేవి. ఏ అంటుకు కాసిందో తెలియనిది, రెండు కాయలు ఒకటిగా అతుక్కుపోయినది, ఒక చెంప పండి రెండో చెంప రాయిలా ఉన్నది. వాటి కోసం వెంకటముని మోకాలి పక్కనే ఒక గంప పెట్టుకునేవాడు. దాన్ని కలగలుపు గంప అనేవారు. మండీ యజమాని తిరుమలయ్య ఆ దారిన పోతూ దాన్ని కాలితో తట్టి, “ఏమప్పా వెంకటమునీ, ఇవేం జాతి?” అని ఎగతాళి చేసేవాడు.

“ఏం జాతో తెలిస్తే ఆ గంపలో ఎందుకేస్తాను సామీ?”

పొద్దు వాలేటప్పుడు, మిగతా గంపలన్నీ లారీలెక్కాక, వెంకటముని ఆ గంపను ముందేసుకుని కూర్చునేవాడు. ఒక్కో కాయనూ చేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గర వాసన చూసి, అటూ ఇటూ తిప్పి, దాన్ని ఎక్కడికి పంపాలో తేల్చేవాడు. లోకేశ్వరికి ఆ పని నచ్చేది కాదు. గబగబా ఏరడంలో ఉన్న సరదా అందులో లేదు. “పా నాయనా, బస్సు పోతాది,” అని చొక్కా పట్టి లాగేది.

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు ఆమెకు అన్నిటికన్నా నచ్చిన పాఠం జంతువుల వర్గీకరణ. వెన్నెముక ఉందా, లేదా? ఉంటే ఒంటి మీద పొలుసులా, ఈకలా, వెంట్రుకలా? ఒక ప్రశ్నకు జవాబు చెబితేనే రెండో ప్రశ్న తెరుచుకుంటుంది. వరసగా దిగుతూ పోతే చివరికి చేతిలో ఉన్న జీవి పేరు దొరుకుతుంది. పరీక్షలో ఆ ప్రశ్నకు ఆమెకు ఇరవైకి ఇరవై వచ్చాయి. నాయన చేసే పనికే ఇంగ్లీషులో పుస్తకం రాసినట్టుందని స్నేహితురాళ్ళతో చెప్పుకుని నవ్వుకుంది. ఆ నవ్వు వినడానికి వెంకటముని లేడు. ఆ ఏడాదే గుండెనొప్పితో పోయాడు.

చదువయ్యాక ఆమెకు బైరాగిపట్టెడలో ఒక మేడ మీద ఉన్న చిన్న ట్రస్టులో పని దొరికింది. అప్పుడే పుట్టిన పిల్లలకు చెవులు వినిపిస్తున్నాయో లేదో చూడడం ఆ ట్రస్టు పని. ఆసుపత్రిలో పాప నిద్రపోతుండగా చెవిలో చిన్న గొట్టం పెడతారు. యంత్రం ‘పాస్’ అని గానీ ‘మళ్ళీ చూడాలి’ అని గానీ చెబుతుంది. మళ్ళీ చూడాలి అన్నంత మాత్రాన చెవుడు అని కాదు, కడుపులో ఉన్నప్పటి నీరు చెవిలో మిగిలినా అలాగే చెబుతుంది. అందుకే అలాంటి పిల్లల ఇళ్ళకు నెల తిరిగేసరికి ట్రస్టు మనిషి యంత్రం తీసుకుని వెళ్ళి రెండోసారి చూడాలి. అప్పుడు కూడా అదే మాట వస్తే పెద్ద పరీక్షకు పంపాలి. అంతా ఆరు నెలల లోపు జరగాలి. పసిమెదడు శబ్దం కోసం ఎదురుచూసే కాలం అది. ఆ కాలంలో శబ్దం రాకపోతే మెదడు ఆ చోటును వేరే పనికి ఇచ్చేసుకుంటుంది.

లోకేశ్వరి చేరినప్పుడు అన్నీ కాగితాలే. గూడూరు బాబు కాగితం ఐరాల కట్టలో, ఐరాల పాప కాగితం ఎవరి సంచీలోనో ఉండేవి. 2022లో జిల్లాలు విడిపోయాక గందరగోళం ఇంకా పెరిగింది. నెల్లూరులో ఉన్న గూడూరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది, వడమాలపేట కూడా తిరుపతిలోకే వచ్చింది, ఐరాల చిత్తూరులోనే ఉండిపోయింది. ట్రస్టు నడిపే సుబ్రమణ్యం మాస్టారు చిత్తూరులో సైన్సు చెప్పి రిటైరైనవాడు. కాగితాల కట్టలు ఆమె ముందు పడేసి, “ఏమ్మా మామిడి మండీ పాపా, వీటిని ఏరు సూద్దాం,” అన్నాడు.

ఆమె ఏరింది. మూడు వారాలు కూర్చుని ఆన్‌లైన్ ఫారం తయారుచేసింది. ఒక పట్టికలో ఊళ్ళన్నీ, పక్కన వాటి మండలం, దాని పక్కన జిల్లా రాసుకుంది. ఫారంలో మొదటి గడిలో జిల్లా నొక్కితే రెండో గడిలో ఆ జిల్లా మండలాలే కనిపిస్తాయి. మండలం నొక్కితే మూడో గడిలో ఆ మండలం ఊళ్ళే కనిపిస్తాయి. ఊరు నొక్కగానే ఆ ఊరికి వెళ్ళవలసిన ట్రస్టు మనిషి పేరు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మొదట్లో ఒక తప్పు వచ్చింది. జిల్లా మార్చినా కింది గడిలో పాత మండలం అలాగే ఉండిపోయి, చిత్తూరు జిల్లా కింద గూడూరు వేలాడేది. పై గడి మారిస్తే కింది గడులన్నీ ఖాళీ అయిపోయేలా దాన్ని సరిచేసింది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫారం ముందుకు పోదు. ఎక్కడా చేత్తో రాసే అవసరం లేదు, నొక్కడమే.

కొత్త ఫారం చూపించిన రోజు గూడూరు వైపు తిరిగే కుప్పుస్వామి ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఆయనకు యాభై దాటాయి, ట్రస్టులో అందరికన్నా పాతవాడు.

“బాగుండాది పాపా. కానీ ఆఖర్న ఒక గడి, ఏదన్నా రాసుకోను పెట్టకూడదా?”

“రాసుకోవడానికి గడి ఇస్తే నువ్వు కథలు రాస్తావన్నా. ‘పోతిని, కుక్క తరిమె, వస్తిని’ అని పోయిన నెల కాగితంలో రాసినావు గుర్తుందా?”

గదిలో అందరూ నవ్వారు. కుప్పుస్వామి కూడా నవ్వాడు. “కుక్క తరిమింది నిజమే గదా,” అన్నాడు. గడి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఫారం రెండేళ్ళు బాగా నడిచింది. వేరే ఊరి ట్రస్టు వాళ్ళు కూడా వచ్చి చూసి నేర్చుకుని వెళ్ళారు. ఆ మధ్యలో లోకేశ్వరికి రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే మునిచంద్రతో పెళ్ళయింది, ఆధార్‌లో చిరునామా తిరుపతికి మారింది. 2024 జనవరిలో పాప పుట్టింది, పవిత్ర అని పేరు పెట్టారు. మొదటి కాన్పు గనక ఏడో నెలలోనే తల్లి వచ్చి వడమాలపేటకు తీసుకుపోయింది. కాన్పు తర్వాత ఐదో నెల దాకా పుట్టింట్లోనే ఉంచింది. ఆసుపత్రిలో పవిత్రకూ ఆ గొట్టం పరీక్ష చేశారు. నర్సు అడిగితే లోకేశ్వరి పడుకున్న చోటి నుంచే ఆధార్ కార్డు అందించింది. పరీక్ష పాసయింది కాబట్టి కార్డు మీది చిరునామాతో పనే పడలేదు. అయినా ఆమెకు భయం పోలేదు. పాప తల వెనక చేరి చప్పట్లు కొట్టి చూసేది. చెంచాతో గిన్నె మీద కొట్టేది. పాప తిరిగేది. గంటకే మళ్ళీ కొట్టేది. “బిడ్డను నిద్రపోనియ్యవేమే, సైన్సు సదివినోళ్ళంతా ఇంతేనా?” అని జ్ఞానాంబ తిట్టేది.

ఆ సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ట్రస్టు మెట్లెక్కి రహమత్ బీ వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, నల్ల బురఖా మీద దుమ్ము. వెనక ఆమె కూతురు సమీరా, సమీరా చంకలో ఇరవై నెలల పాప. రహమత్ బీ చేతిసంచిలోంచి టీకాల కార్డు తీసి, దాని మడతలో దాచిన చిన్న చీటీ బల్ల మీద పెట్టింది. ట్రస్టు చీటీయే. ‘మళ్ళీ చూడాలి’ అన్న చోట టిక్కు ఉంది.

“మాది ఐరాల మేడం. ఇది నా మనవరాలు జోహరా. చిత్తూరులో కాన్పయినప్పుడు ఈ చీటీ ఇచ్చినారు. నెలకంతా మా మనిషి ఇంటికొస్తాడు, యాడికీ పోవద్దండి అన్నారు. మేం యాడికీ పోలా. మా ఆయన నాయబ్ రసూల్ టైలరు. మీ మనిషికి ఇల్లు దొరకదేమోనని మిషను మూసేసి పదిహేను దినాలు బస్టాపులో నిలబడినాడు. ఎవురూ రాలా. రాలేదంటే ఏమీ లేదులే, బాగుంటేనే రారు గదా అనుకున్నాం.”

“ఇప్పుడు పాప ఎలా ఉంది?”

రహమత్ బీయే చెప్పింది. “అమ్మా అనదు, అబ్బా అనదు. అత్తగారిల్లు గూడూరు. బిడ్డకు పొగరు, పిలిస్తే పలకదు అంటా ఉన్నారు ఆడ. అల్లుడు నిమ్మకాయల లారీ తోలతాడు, ఇంట్లో ఉండేదే తక్కువ. నేను మాత్రం ఒక్కటే చెప్తా మేడం, పిలిస్తే సూస్తాది. చెవుడైతే ఎట్ల సూస్తాది?”

పాపను నేల మీద కూర్చోబెట్టారు. జోహరా పెన్నుల డబ్బా తీసుకుని ఒక్కో పెన్నూ బయటికి తీయసాగింది. లోకేశ్వరి దాని వెనకగా నడిచి, చేతిలోని స్టీలు ప్లేటును వదిలేసింది. ప్లేటు గింగిర్లు తిరుగుతూ మోగింది. సమీరా ఉలిక్కిపడింది, రహమత్ బీ తల తిప్పింది, లోపలి గదిలోంచి సుబ్రమణ్యం మాస్టారు తొంగిచూశాడు. పాప పెన్నులు తీస్తూనే ఉంది. తర్వాత తల్లి ముఖం చూసింది, తల్లి ఎటు చూస్తోందో చూసింది, అప్పుడు తనూ అటు తిరిగి ప్లేటును చూసి నవ్వింది.

ఇరవై నెలలుగా ఆ పాప ఇంట్లో వాళ్ళ ముఖాలు చూసి శబ్దాన్ని పట్టుకుంటోందని లోకేశ్వరికి అర్థమైంది. వంగి ప్లేటు తీసుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

కంప్యూటర్ ముందు కూర్చుని చీటీ నంబరు కొట్టింది. రికార్డు తెరుచుకుంది. జిల్లా: తిరుపతి. మండలం: గూడూరు. ట్రస్టు మనిషి: కుప్పుస్వామి. మొదటి సందర్శన: ఇంట్లో లేరు. రెండో సందర్శన: ఇంట్లో లేరు. రెండుసార్లు ఆ మాట పడితే రికార్డు దానంతటదే మూసుకునేలా పెట్టింది కూడా ఆమే.

పక్కగదిలోకి పోయి కుప్పుస్వామికి ఫోన్ చేసింది.

“గుర్తుండాది పాపా. అత్తగారు గడప దాటకుండా, కోడలు పుట్టింట్లో ఉందప్పా, ఐరాల పక్క, అనింది. సరే మారుద్దామని చిత్తూరు జిల్లా నొక్కితిని. మండలం, ఊరు, నా పేరు, అన్నీ ఎగిరిపోయినాయి. ఏ ఊరో నొక్కితే గాని ముందరికి పోదు. ఆయమ్మకు వియ్యపురాలి వీధి తెలుసు గాని, అది ఏ పంచాయితీ కిందికొస్తాదో తెల్దు. ఆయమ్మ కొడుకు నంబరుకు కొడితే లారీలో ఉన్నాడో ఏమో, ఎత్తలా. రాసుకోను గడి లేకపాయె. ఇంగ ఏం జేతు, ఇంట్లో లేరు అని నొక్కితిని. రెండోసారి పోయినా అదే కత.” తర్వాత అడిగాడు. “ఏమయింది పాపా? బిడ్డ బాగుండాది గదా?”

ఆమె ఫోన్ పెట్టేసింది.

సుబ్రమణ్యం మాస్టారు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. “ముందర పాపను పెద్ద పరీక్షకు పంపుదాం. మిగిలింది మనం మనం మాట్లాడుకుందాం. వాళ్ళకు ఇప్పుడే చెప్పాల్సిన పన్లేదు లోకా,” అన్నాడు మెల్లగా.

లోకేశ్వరి బయటికి వచ్చి రహమత్ బీ ఎదుట కూర్చుంది. చెప్పకుండా ఉండడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. కంప్యూటర్‌లో తప్పు జరిగింది అంటే చాలు, వాళ్ళు నమ్ముతారు, దేవుడి మీద భారం వేసి వెళ్ళిపోతారు. ఇంట్లో చెంచా మోగితే తల తిప్పే పవిత్ర గుర్తుకొచ్చింది.

“అమ్మా, మా మనిషి వచ్చినాడు. గూడూరుకు పోయినాడు. ఆధార్ కార్డులో గూడూరు ఉంది కాబట్టి ఫారం అక్కడికి పంపింది. ఆ ఫారం తయారుచేసింది నేనే. బిడ్డ పుట్టింట్లో ఉంటుందని అందులో చెప్పే దారి పెట్టలేదు.”

రహమత్ బీ బల్ల మీది చీటీని మళ్ళీ టీకాల కార్డు మడతలో పెట్టింది.

“నీకు బిడ్డలున్నారా?”

“ఒక పాప. ఎనిమిది నెలలు.”

“యాడ కన్నావు?”

“వడమాలపేటలో... మా అమ్మగారింట్లో ఉండి.”

“ఎన్ని నెలలున్నావు?”

“ఐదో నెల దాకా.”

“మరి నీకు తెల్దా బేటీ?”

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగింది. ఊళ్ళో ఎవరినడిగినా చెప్పే సంగతి, మొదటి కాన్పు ఎక్కడ జరుగుతుందని అడిగితే చిన్నపిల్లలు కూడా చెప్పే సంగతి, ఫారం ముందు కూర్చున్న మూడు వారాల్లో ఒక్కసారైనా లోకేశ్వరి తలలోకి రాలేదు.

మర్నాడు పెద్దాసుపత్రిలో జోహరాను నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి గంటసేపు పరీక్ష చేశారు. లోకేశ్వరి సెలవు పెట్టి వాళ్ళతోపాటే బెంచీ మీద కూర్చుంది. నాయబ్ రసూల్ కూడా వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేశాడు. డాక్టరమ్మ బయటికి వచ్చి రెండు చెవులూ దాదాపు పూర్తిగా వినబడవని చెప్పింది. ముందు చెవి మిషన్లు పెట్టి చూద్దామంది. లాభం లేకపోతే ఆపరేషన్ ఉంది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటలు నేర్పాలి, కొంత వస్తుంది అంది.

“కొంతంటే ఎంత మేడం?” అన్నాడు నాయబ్ రసూల్.

“ఇప్పుడే చెప్పలేం. ఆరు నెలలకు తెచ్చి ఉంటే ఇంకొంచెం ధైర్యంగా చెప్పేదాన్ని.”

ఆయన మెడలోని టేపు తీసి, వేలికి చుట్టి, మళ్ళీ విప్పాడు. “నేను బస్టాపులోనే ఉన్నాను మేడం,” అన్నాడు. డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. బెంచీ మీద తలొంచుకున్న లోకేశ్వరికి అర్థమైంది.

సమీరా ఆ రెండు రోజుల్లో ఆమెతో ఒకే ఒక్కసారి మాట్లాడింది. బస్సెక్కబోతూ వెనక్కి తిరిగి, “అది కడుపులో ఉన్నప్పటి నుంచి పాటలు పాడినానక్కా. ఇరవై నెలలు పాడినాను,” అంది. బస్సు కదిలాక కిటికీలోంచి జోహరా చెయ్యి ఊపింది. తల్లి ఊపమంటే ఊపింది.

లోకేశ్వరి ఆ వారమే ఫారం మార్చింది. మొదటి గడికి పైన ఇంకో గడి పెట్టింది: బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉంది? అత్తగారిల్లు, పుట్టిల్లు, మరోచోటు. ఏది నొక్కితే దానికి వేరేగా జిల్లా, మండలం, ఊరు తెరుచుకుంటాయి. తిరిగి అత్తగారింటికి పోయే నెల కూడా అడుగుతుంది. అన్నిటికీ అడుగున, కుప్పుస్వామి అడిగిన గడి పెట్టింది. ఎంతైనా రాసుకోవచ్చు. అందులో ఏదైనా రాస్తే ఆ రికార్డు మూసుకోదు, ఎవరో ఒకరు కూర్చుని చదివేదాకా అలాగే ఉంటుంది. మార్చడానికి పట్టింది ఒకటిన్నర రోజు. అంత తక్కువ పట్టడం ఆమెకు మరీ కష్టంగా అనిపించింది.

మొదటి వారం వచ్చిన డెబ్బై నాలుగు పేర్లలో నలభై ఆరు పుట్టిల్లు అని వచ్చాయి.

అప్పుడు ఆమె పాత రికార్డులు తెరిచింది. రెండేళ్ళలో ‘మళ్ళీ చూడాలి’ అని ఉండి, ‘ఇంట్లో లేరు’ అని రెండుసార్లు పడి, మూసుకుపోయినవి నూట నలభై మూడు. వాటిని కాగితం మీద ప్రింటు తీసింది. సుబ్రమణ్యం మాస్టారు, “ఇంకొకరిని పెడతాలేమ్మా, నువ్వొక్కదానివే చేయలేవు,” అన్నాడు. “నేనే చేస్తాను సార్,” అంది. మాస్టారు తన ఫోను చార్జరు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టిపోయాడు.

కిటికీ పక్కన కూర్చుని వరసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. చాలా ఇళ్ళలో పిల్లలు బాగానే ఉన్నారు. ఫోనులోనే వాళ్ళ అరుపులు వినిపించేవి. ఆ అరుపు వినబడగానే పెన్నుతో ఆ పేరు కొట్టేసి, ఒక నిమిషం కళ్ళు మూసుకునేది. కొన్ని నంబర్లు పనిచేయడం లేదు. ఒకచోట బిడ్డే లేడు, మూడో నెలలో జ్వరంతో పోయాడు. ఆ తల్లి ఏడవకుండా చెప్పి, “ఇప్పుడెందుకు మేడం అడుగుతా ఉండారు?” అంది.

సాయంత్రం దాకా ముప్పై ఎనిమిది పేర్లయ్యాయి. ముప్పై తొమ్మిదో నంబరు చాలాసేపు మోగాక ఒక ఆడమనిషి ఎత్తింది. వెనకాల కుక్కర్ విజిల్ వేస్తోంది. పేరు నాగరత్నమ్మ, పాపకు నాయనమ్మ. లోకేశ్వరి ట్రస్టు పేరు చెప్పి, పాప ఎలా ఉందని అడిగింది.

“బాగుండాది మ్మా, ఏం కొరత లేదు. అన్నం తింటాది, ఆడుకుంటాది, బలే సురుకు. ఒకటే, మాటలింగా రాలా. వాళ్ళ నాయనకూ లేటుగానే వచ్చినాయిలే.” నాగరత్నమ్మ నవ్వింది. “మొండి మ్మా అది. ఎంత పిల్సినా పలకదు. ఎదురుగా పోతేనే సూస్తాది.”

లోకేశ్వరి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఫోనులో కుక్కర్ మళ్ళీ విజిల్ వేసింది. కాగితం మీద ఆ పేరు పక్కన జిల్లా ఉంది, మండలం ఉంది, ఊరు ఉంది. వాటిని చూడకుండా, పక్కనున్న ఖాళీ చోటులో పెన్ను ఆనించింది.

“అమ్మా,” అంది. “పాప ఇప్పుడు యాడ ఉండాది?”